మ్యాన్‌హోల్ మూత మీద మారిస్: కోబుర్గ్‌లో పెంతెకోస్తు సెలవులు

శనివారం

కోబుర్గ్ వెళ్దామన్నది నా ఆలోచన కాదు. మా బావమరిది అక్కడ మాస్టర్స్ చేస్తున్నాడు. క్రైస్తవుల పెంతెకోస్తు పండగ మర్నాడు సోమవారం జర్మనీ అంతటా సెలవు కదా, "ప్రతిసారీ నేనే నురెంబర్గ్ రావాల్నా బావా, ఒక్కసారన్న నువ్వు రా" అని పోరు పెట్టాడు. జెండాలన్నా, డాళ్ల మీది గుర్తులన్నా నాకు పిచ్చి అని వాడికి తెలుసు. చివరికి ఒక ఫొటో పంపాడు. వీధిలో ఇనుప మ్యాన్‌హోల్ మూత, దాని నడుమ డాలు, ఆ డాలులో చెవికి రింగు పెట్టుకున్న ఒక నల్లజాతి మనిషి తల. ఇంక ఆగలేదు, టికెట్ తీసేశాను.

నురెంబర్గ్‌లో ఎక్కితే బాంబెర్గ్, లిక్టెన్‌ఫెల్స్ మీదుగా గంట, గంటన్నరలో కోబుర్గ్. బవేరియా రాష్ట్రానికి ఉత్తరపు కొస. నలభై వేల పైచిలుకు జనాభా, కొండ మీద కోట, దిగువన ఊరు. స్టేషన్ బయట మావాడు కాచుకుని ఉన్నాడు. బ్యాగు రూములో పడేసి టీ తాగుదామంటే, "టీ తర్వాత, ముందు నేల చూడు" అన్నాడు.

నిజంగానే నేల చూస్తూ నడవాల్సిన ఊరు. ఫొటోలో కనబడనిది దగ్గరికి వంగితే కనబడింది. తల పక్కకు తిరిగి ఉంటుంది, ఒక కన్నే కనిపిస్తుంది. జుట్టు ఉంగరాలను చిన్న చిన్న బొడిపెలుగా పోతపోశారు. జనం తొక్కి తొక్కి ఆ బొడిపెల్లో పైవి అరిగి నున్నగా మెరుస్తున్నాయి, కింది వాటి సందుల్లో మట్టి, ఒక సిగరెట్ పీక. పెదవులు మాత్రం లావుగా, బయటికి పొడుచుకొచ్చినట్టు చెక్కారు. అక్కడ ఏమీ అరగలేదు. రంగుల్లో వేసినప్పుడు డాలు పసుపు, తల నలుపు, పెదవులు ఎరుపు, చెవి రింగు బంగారు రంగు. మధ్యయుగపు డాళ్ల పని దూరం నుంచి ఎవరో తెలియజెప్పడం. పసుపు మీద నలుపుకు మించి దూరానికి కొట్టొచ్చినట్టు కనబడే జోడీ లేదు. ఊరి జెండా రంగులు కూడా ఆ రెండే.

ఆ తల సెయింట్ మారిస్‌ది. రోమన్ సైన్యంలో థీబన్ దళం అనే ఒక పటాలం ఉండేదనీ, అది ఈజిప్టులోని థీబ్స్ ప్రాంతపు క్రైస్తవులదనీ, దాని నాయకుడు మారిస్ అనీ కథ. మూడో శతాబ్దం చివర, తోటి క్రైస్తవులను చంపమన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని అగౌనుమ్ దగ్గర దళం మొత్తాన్నీ నరికేశారట. చరిత్రగా ఇందులో ఎంత నిలుస్తుందో పండితులు తేల్చుకోవాలి. జర్మనీలో వందల ఏళ్లపాటు ఆయన్ను తెల్లవాడిగానే చూపించారు. 13వ శతాబ్దం మధ్యలో మాగ్డెబుర్గ్ కెథీడ్రల్ శిల్పి ఎవరో ఆయన్ను ఆఫ్రికావాడిగా చెక్కాడు. ఆ తర్వాత అదే స్థిరపడింది. కోబుర్గ్‌కు ఆయనే రక్షక సాధువు, ఊళ్లోని పెద్ద చర్చీ ఆయన పేరు మీదే.

మార్కెట్ చౌకులో ఒకవైపు టౌన్ హాల్, దానికి ఎదురుగా పాత ప్రభుత్వ కచేరీ భవనం, నడుమ ఇంగ్లండు రాణి విక్టోరియా భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ విగ్రహం. టౌన్ హాల్ పైన గోపురంలాంటి ముఖభాగం కొసన మారిస్ బొమ్మ, చేతిలో పొట్టి దండం. ఆ దండం పొడవే కోబుర్గ్ బ్రాట్‌వుర్స్ట్ సాసేజికి కొలత అని ఊరంతా చెబుతారు. పచ్చిది 31 సెంటీమీటర్లు ఉండాలి. అందుకే సాధువుకు "బ్రాట్‌వుర్స్ట్ బుల్లోడు" అని ముద్దుపేరు. కింద కొట్టులో దాన్ని దేవదారు కాయల మంట మీద కాలుస్తారు. బొగ్గు కాదు, ఎండిన దేవదారు కాయలే. ఆ పొగకు సాంబ్రాణిలో కొంచెం కర్పూరం కలిసినట్టు వాసన. అందులో గొడ్డుమాంసం కూడా కలుస్తుంది కాబట్టి నేను వాసనతో సరిపెట్టుకున్నాను. మావాడు రెండు లాగించాడు. రొట్టె బెత్తెడు, సాసేజి జానెడు దాటి రెండువైపులా వేలాడుతుంటే ఎటునుంచి కొరకాలో తెలియక ఒక పిల్లాడు ఏడుపు మొహం పెట్టాడు.

మధ్యాహ్నం ఏరెన్‌బుర్గ్ రాజభవనం. ఊరి గుర్తు వేరు, రాజుల గుర్తు వేరు అని ఇక్కడ తెలుస్తుంది. సాక్స్-కోబుర్గ్ డ్యూకుల డాలు నలుపు, పసుపు అడ్డ చారలు, వాటి మీదుగా ఏటవాలుగా ఒక ఆకుపచ్చ ఆకుల దండ. చక్రవర్తి బార్బరోసా తన తలమీది దండ తీసి సాక్సనీ డ్యూక్ డాలు మీద వేశాడని కథ. ఈ చారల డాలు చేసిన ప్రయాణం మామూలుది కాదు. ఈ ఇంటి పిల్లాడు లియోపోల్డ్ 1831లో బెల్జియంకు మొదటి రాజయ్యాడు. ఇంకో పిల్లాడు పోర్చుగల్ రాణిని చేసుకున్నాడు. ఇంకొకడు బల్గేరియాను ఏలాడు. ఆల్బర్ట్ 1840లో విక్టోరియాను పెళ్లాడాడు, ఆమె 1877లో ఢిల్లీ దర్బారుతో మనకు చక్రవర్తిని అయింది. వాళ్ల పిల్లల డాళ్ల మీద బ్రిటన్ సింహాల నడుమ ఈ పసుపు-నలుపు చారలు బుల్లిగా అతుక్కుని ఉండేవి. 1917లో జర్మనీతో యుద్ధం నడుస్తుంటే ఐదో జార్జి ఇంటిపేరు విండ్సర్ అని మార్చేసుకుని వాటిని ఊడబెరికించాడు. బెల్జియం రాజులు కూడా తీసేసి, 2019లో మళ్లీ పెట్టుకున్నారు.

విక్టోరియా వచ్చినప్పుడు పడుకున్న గదిలో ఇంగ్లండు నుంచి తెప్పించిన ఫ్లష్ టాయిలెట్ ఉంది, యూరప్ ఖండంలో మొదటిది ఇదేనని గైడు చెప్పింది. గుంపులో అందరూ రాజ్యాల సంగతి వదిలేసి దానికే ఫొటోలు తీసుకున్నారు. నేనూ తీశాను.

ఆదివారం

పొద్దున్న సెయింట్ మోరిట్జ్ చర్చిలో పెంతెకోస్తు ఆరాధన. చర్చికి రెండు బురుజులు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. పోపును ధిక్కరించిన మత సంస్కర్త మార్టిన్ లూథర్ 1530లో ఇక్కడ ప్రసంగించాడు. లోపల బలిపీఠం వెనక ఒక డ్యూక్ కుటుంబపు స్మారకం, పాలరాతిలాంటి అలబాస్టర్‌తో చెక్కింది, పన్నెండు మీటర్ల పైగా ఎత్తు. దాని నిండా పూర్వీకుల డాళ్లే. నాకు అరగంట పట్టేది, మావాడు ఐదు నిమిషాల్లో బయటికి లాగాడు. ఆర్గన్ మోత బాగుంది.

కోటకు హోఫ్‌గార్టెన్ పార్కులోంచి నడిచి ఎక్కాం. ఎక్కడం గట్టిదే. జర్మనీలో పెద్ద కోటల్లో ఇదొకటి, ఫ్రాంకోనియా కిరీటం అని బిరుదు. ఆగ్స్‌బుర్గ్‌లో చక్రవర్తి ముందు సభ జరుగుతుంటే, వెళ్తే పట్టుకుంటారని లూథర్‌ను 1530 వసంతం నుంచి శరత్తు దాకా దాదాపు ఆరు నెలలు ఇక్కడే దాచారు. 1632లో చక్రవర్తి సేనాని వాలెన్‌స్టైన్ సైన్యం ముట్టడి వేసినా కోట లొంగలేదు. లోపలి మ్యూజియంలో లూథర్ కాలపు చిత్రకారుడు క్రానఖ్ వేసిన బొమ్మలు, గాజు సామాను, 16వ శతాబ్దపు పెళ్లి బళ్లు ఉన్నాయి. ఆ బళ్ల మీది చెక్కడం పని కోసమైనా టికెట్ కొనచ్చు.

ఉత్తరపు గోడ మీద కూచుంటే థురింగియా కొండలు కనబడతాయి. ఇక్కడ మ్యాపు గుర్తు తెచ్చుకుంటే ఈ ఊరి జెండాల సంగతి బాగా అర్థమవుతుంది. 1918లో డ్యూక్ గద్దె దిగాక కోబుర్గ్ కొన్నాళ్లు తనంతట తానే ఒక బుల్లి రాష్ట్రం. 1919 నవంబర్ 30న ఓటింగ్ పెట్టారు. రాజవంశాల చుట్టరికంలో తమకు దగ్గరైన థురింగియాలో కలవం అని 88 శాతం చెప్పారు. 1920 జులై 1న బవేరియాలో కలిశారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక థురింగియా రష్యన్ల వాటాకు పోయింది, బవేరియా అమెరికన్లకు వచ్చింది. కోబుర్గ్ మూడువైపులా ముళ్ల కంచె, అయినా పశ్చిమ జర్మనీలో మిగిలింది. ఆనాడు ఓటు వేసినవాళ్ల మనసులో ఇదేమీ లేదు, తిండిగింజలూ థియేటరూ మ్యూజియమూ ఎవరు చూసుకుంటారన్నదే లెక్క. టౌన్ హాల్ మీద జాతీయ జెండా, ఊరి నలుపు-పసుపు పక్కన నీలం-తెలుపు బవేరియా జెండా ఎగరడానికి వెనక ఇంత ఉంది.

అక్కడే మావాడితో అసలు చర్చ మొదలైంది.

వాడు వరంగల్‌వాడు. 2024లో తెలంగాణ చిహ్నంలోంచి కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తారని వార్త వచ్చినప్పుడు వీడు ఇక్కడినుంచి రోజుకు పది మెసేజీలు పెట్టిన బాపతు. చివరికి ప్రభుత్వం కొత్త చిహ్నం ఆవిష్కరణను వాయిదా వేసింది. "తోరణం మీద చెయ్యేస్తే అంత ఎగిరావు, మరి ఈ తల సంగతేంటి?" అని అడిగాను.

"అదే కదా బావా కష్టం. మా క్లాసులో కామెరూన్ నుంచి వచ్చిన దోస్తున్నడు. మొదటి వారం బస్సు మీద ఇది చూసి, నన్ను చూసి నవ్వుతున్నరా ఏందని అడిగిండు. నేనేం చెప్పాలె?"

2020లో అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జి ఫ్లాయిడ్ హత్య తర్వాత ఇక్కడా ఆ మాట లేచింది. ఈ చిహ్నం జాత్యహంకారపు బొమ్మ, మార్చండి అని బెర్లిన్ నుంచి ఇద్దరు ఆన్‌లైన్‌లో సంతకాల సేకరణ పెట్టారు. వెంటనే మార్చొద్దని ఊరివాళ్లు పోటీ సేకరణ పెట్టారు, దానికే ఎక్కువ సంతకాలు పడ్డాయి. చిహ్నం అలాగే ఉంది. స్టేషన్ నుంచి నడుచుకుంటూ వచ్చిన దారిలో మోరెన్‌స్ట్రాసె అని వీధి కూడా ఉంది, నల్లవాళ్లను పిలిచే పాత జర్మన్ మాటతో పెట్టిన పేరు. ఇదే పేరున్న బెర్లిన్ వీధికి 2025లో 18వ శతాబ్దపు తత్త్వవేత్త, ఇప్పటి ఘానాలో పుట్టిన ఆంటోన్ విల్హెల్మ్ ఆమో పేరు పెట్టారు. ఇక్కడ మాత్రం పాతదే నడుస్తోంది.

ఊరివాళ్ల దగ్గర ఒక బలమైన వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. ఈ తలను ఇదివరకు ఒకసారి తీసేశారు. తీసినవాళ్లు నాజీలు.

కోబుర్గ్‌కు అందులో చేదు రికార్డులు ఉన్నాయి. 1922 అక్టోబర్‌లో హిట్లర్ తన అనుచరులతో ప్రత్యేక రైల్లో దిగి వీధుల్లో కొట్లాటలు చేయించింది ఇక్కడే. 1929 జూన్‌లో జర్మనీ మొత్తంలో ఒక పట్టణ కౌన్సిల్‌లో నాజీలకు సొంతంగా మెజారిటీ వచ్చింది మొదట ఇక్కడే, 25 సీట్లలో 13. హిట్లర్ ఛాన్సలర్ కావడానికి రెండేళ్ల ముందే, 1931 జనవరిలో, టౌన్ హాల్ మీద స్వస్తిక జెండా ఎగిరింది. గద్దె దిగిన డ్యూక్ కార్ల్ ఎడ్వర్డ్ స్వయానా విక్టోరియా మనవడు, ఆయన కూడా నాజీల పంచనే చేరాడు. ఇక నల్లవాడి తల తమ ఊరి డాలు మీద ఉండటం వాళ్లకు కంటగింపు. 1934లో దాన్ని తీసి, పసుపు-నలుపు డాలు మీద కత్తి, దాని పిడికి స్వస్తిక పెట్టారు. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం వచ్చింది, ఆ ఏడే మారిస్ మళ్లీ డాలెక్కాడు.

కాబట్టి తల తీసెయ్యమంటే కోబుర్గ్ పెద్దవాళ్లకు 1934 గుర్తొస్తుంది. అది నటన కాదు. కానీ నాజీలకు నచ్చలేదు కాబట్టి ఆ బొమ్మలో వంక లేదనడం కూడా కుదరదు కదా. మాగ్డెబుర్గ్ విగ్రహాన్ని నేను చూశాను. కాళ్లు విరిగిపోయాయి, చేతిలో ఈటె ఊడిపోయింది. అయినా గొలుసుల కవచం తలదాకా తొడుక్కుని మన ముందు ఒక సేనాపతి నిలబడి ఉంటాడు. శిల్పి ఎవరో నిజమైన మనిషిని చూసి చెక్కాడనిపిస్తుంది. కోబుర్గ్ డాలు మీద ఉన్నది ఆ మనిషి కాదు. కవచం లేదు, సాధువుల తల చుట్టూ ఉండే వెలుగు వలయం లేదు, సైనికుడన్న గుర్తే లేదు. మిగిలింది ఎర్ర పెదవులు, చెవి రింగు. వలస దేశాల కాఫీ, చాక్లెట్ అమ్మిన కాలంలో యూరప్ ప్రకటనల నిండా ఉన్న బొమ్మ ఏదో దానికి చుట్టరికం. సాధువును ఉంచి బొమ్మను మార్చాలి అన్నది నా పక్షం. డాలు మీది గుర్తులను ప్రతి తరమూ తిరిగి గీసుకుంటూనే వచ్చింది, మెడ ఎంతవరకు, జుట్టు ఎలా అన్నది ఎవరూ శాసనంలో చెక్కలేదు.

"గీసేటోడెవడు బావా? మళ్లా కమిటీ, మళ్లా లొల్లి" అన్నాడు మావాడు. వాడు ఇంకో మాట కూడా అన్నాడు. కామెరూన్ దోస్తుకు మారిస్ కథ చెబితే, "సేనాపతి అయితే సేనాపతిలా చూపించొచ్చు కదా" అన్నాడట. ఇంత సేపు గోడ మీద కూచుని నేను లాగిన పాయింటు అతను ఒక్క ముక్కలో చెప్పేశాడు.

రాత్రి కోబుర్గ్ బంగాళాదుంప ఉండలు, పుట్టగొడుగుల పులుసు. ఉండ క్రికెట్ బంతి అంత ఉంది, ఒకటి చాలు.

సోమవారం

కొట్లన్నీ బంద్, కానీ వీధులు నిండిపోయాయి. ఏటా పెంతెకోస్తుకు కోబుర్గర్ కాన్వెంట్ అనే విద్యార్థి సంఘాల సమాఖ్య ఇక్కడ కలుస్తుంది, 1951 నుంచీ. రంగుల టోపీలు, ఛాతీకి అడ్డంగా మూడు రంగుల పట్టీలు. ఒక్కో సంఘానికి ఒక్కో రంగుల కలయిక. పాతికేళ్ల కుర్రాడి పక్కన డెబ్బై ఏళ్ల డాక్టరుగారు, ఇద్దరికీ ఒకే టోపీ. పెద్ద బూట్లు, తెల్ల ప్యాంటు, నడుముకు కత్తి వేసుకుని జెండాలు మోసేవాళ్లు వేరే. జెండాల పిచ్చోడికి ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటారేమో. ఎందుకో మనసు పూర్తిగా ఒప్పలేదు. ఈ సంఘాలన్నీ మగవాళ్లకే, కత్తి పోట్లాటలు ఇంకా నడుస్తున్నవి. వాళ్లు అమరుల స్మారకాల దగ్గర పెట్టే దండలను, సాయంత్రం కాగడాల ఊరేగింపును వ్యతిరేకించేవాళ్లు కూడా ఏటా వస్తారు. ఈసారీ ఒక మూల బ్యానర్లతో నిలబడ్డారు, మధ్యలో పోలీసులు.

పగలు ఊరి పాత ద్వారాలు చూశాం, స్పిటాల్‌టోర్, యూడెన్‌టోర్, కెచెన్‌టోర్. గోడ పోయింది, ద్వారాలు మిగిలాయి. స్పిటాల్‌గాసెలో నడుస్తుంటే మ్యాన్‌హోల్ మూతకు కొద్ది దూరంలో అరచేతి అంత ఇత్తడి పలకలు కనబడ్డాయి. నాజీల కాలంలో ఇక్కడి ఇళ్లలోంచి తరిమేసిన, చంపేసిన యూదుల పేర్లు, పుట్టిన ఏడు, తీసుకెళ్లిన చోటు. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన పని ఇది, యూరప్ అంతా ఉంది. బూట్లవాళ్లలో ఒకడు చూసుకుని పక్కకు అడుగేశాడు, వెనకవాడు చూసుకోలేదు.

చీకటి పడ్డాక కాగడాలు. మార్కెట్ చౌకులో వందల మంటలు, బ్యాండు, జెండాలు వరసగా దిగి నిలబడ్డాయి. చూడ్డానికి గొప్పగానే ఉంది, అందుకే నాకు టెన్షన్ వచ్చింది కూడా. ఇదే చౌకు, ఇదే టౌన్ హాల్, 1931. వీళ్లను వాళ్లతో కలిపి మాట్లాడటం అన్యాయమే, కాని రాళ్లు అవే. ఆ మంటల వెలుగు ఎక్కడానికి టౌన్ హాల్ కొస మరీ ఎత్తు, పైన మారిస్ చీకట్లోనే ఉండిపోయాడు. మావాడు అప్పటికే సాసేజి కొట్టు దగ్గర లైన్లో ఉన్నాడు.

మంగళవారం

పొద్దున రైల్లో సగం బోగీ టోపీలవాళ్లే, రాత్రి నిద్ర లేని మొహాలు. నా ఎదురుగా కూర్చున్నతను మంచివాడే, కిటికీ సీటు ఇచ్చాడు. మాటల్లో నేను మ్యాన్‌హోల్ మూతలు ఫొటో తీయడానికి వచ్చానంటే నవ్వాడు. ఏటా వస్తాడట, విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ. ఆ తల ఎవరిదనుకుంటున్నారు అని అడిగాను.

"బాలయేసుకు కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానుల్లో ఒకరు కదా?"

లిక్టెన్‌ఫెల్స్ వచ్చేదాకా అతనికి మారిస్ కథ చెప్పాను. 1934 సంగతి చెప్పినప్పుడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఫోనులో ఆ కత్తి డాలు బొమ్మ ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాడు. సిగ్నల్ అందలేదు.